సొంత జట్టు

సోమవారం మధ్యాహ్నం, ఆటలో ఇంకా ముగ్గురే శత్రువులు మిగిలి ఉండగా, యుమ్నాను సొంత జట్టువాడే వెనక నుంచి కాల్చాడు.

మొదట ఆమె పొరపాటు అనుకుంది. కరీంనగర్‌లో టవర్ సర్కిల్ దగ్గరి కళ్ళద్దాల దుకాణంలో, వెనక గదిలో, అద్దాలు సానబట్టే మిషను పక్కన స్టూలు మీద కూర్చుని ఫోనులో ఆడుతోంది. రెండు నుంచి మూడు దాకా దుకాణానికి విరామం. టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. జట్టుకు నలుగురు. సాయిచంద్ ఆమెతో డిగ్రీ చదివాడు, ఇప్పుడు కొరియర్ పార్సిళ్ళు పంచుతాడు. కావ్యది వేములవాడ, ముఖం చూడలేదు, గొంతే పరిచయం. నాలుగో మనిషిని పోటీ పెట్టినవాళ్ళు కలిపారు. పేరు 'నల్లపులి' అని ఉంది. మామూలు ఆటలో సొంతవాళ్ళ తూటా తగలదు. పోటీ ఆటలో తగులుతుంది, చూసుకుని కాల్చాలి. ఈ ఒక్క ఆట గెలిస్తే హైదరాబాదులో ఆఖరి పోటీకి పోతారు.

"నల్లపులి అన్నా, గోడ దాటకు. ముగ్గురు గోదాంలనే ఉన్నరు. ఎడమకు రా," అంది యుమ్నా.

"ఆడది చెప్తే నేను వినుడేంది?"

"చెప్పింది నేను కాదనుకో. జర ఎడమకు రా."

తెర ఎర్రబడింది. ఆమె బొమ్మ మోకాళ్ళ మీద పడి, పక్కకు ఒరిగింది. కాల్చినవాడి పేరు తెర మీద వచ్చింది. నల్లపులి.

"అన్నా, అది యుమ్నా," అన్నాడు సాయిచంద్.

"ఎర్కే. ఎర్కుండే కొట్టిన. గిన్నెలు తోముకునేటోల్లు వచ్చి నాకు నేర్పుతరా?" అని నవ్వాడు నల్లపులి. ఆ తరువాత ఆమె ఒంటి గురించి, తల్లి గురించి అతను అన్న మాటలను యుమ్నా ఎవరికీ తిరిగి చెప్పలేదు. కావ్య మైకు ఆపేసి ఆటలోంచి వెళ్ళిపోయింది. మిగతా ఇద్దరూ నిమిషంలో చచ్చారు. యుమ్నా ఫోను బల్ల మీద బోర్లించి, డబ్బా మూత తీసి, తినకుండా మళ్ళీ పెట్టింది.

సాయంత్రానికి ఆ వీడియో ముక్క ఫోన్లలోని గుంపులో తిరిగింది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఆటగాళ్ళు రెండు వందల మంది ఉన్న గుంపు అది. ఆమె బొమ్మ ఒరిగిపోయిన చోట ఎవరో పెళ్ళి బాజా పాట అతికించారు. నవ్వే బొమ్మలు వరసగా వచ్చాయి. ఒకడు ఆమె ఎవరో అడిగాడు. ఇంకొకడు దుకాణం పేరు రాశాడు.

మంగళవారం పొద్దున దుకాణం ఫోను మోగింది. గల్లా దగ్గర ఉన్న ముకర్రం తీశాడు. ఆయన యుమ్నాకు మేనమామ. ముప్పై ఏళ్ళుగా అదే దుకాణం. తీసి విన్నాడు, పెట్టేశాడు. మళ్ళీ మోగింది. మూడోసారి వైరు ఊడబీకాడు.

"ఎవరు మామూ?"

"ఎవరో పోరగాండ్లు. కళ్ళద్దాల పాప ఉన్నదా అని." ఆయన కొనేవాళ్ళ కోసం అమర్చిన అద్దంలో గడ్డం సర్దుకున్నాడు, మేనకోడలి వైపు చూడకుండా. "ఏం ఆట బేటీ అది? మీ అమ్మీకి తెలిస్తే పరేషాన్ అయితది. ఆటల మాటలు ఆటల్నే పోతయి. కొన్ని దినాలు నువ్వు లోపల కూసో. ముందల నేను చూసుకుంట."

 ముందు బల్ల దగ్గర కుర్చీ కోసం యుమ్నా నాలుగేళ్ళు పనిచేసింది. ముసలివాళ్ళ ముక్కు మీద ఫ్రేము ఎక్కడ నిలుస్తుందో, ఏ చెవి ఎత్తుగా ఉందో చూపుతోనే కొలిచేది. కొనేవాళ్ళు మామూను దాటి ఆమె దగ్గరికే వచ్చేవారు. ఇప్పుడు కొలిచే స్కేలు, చిన్న స్క్రూడ్రైవరు తీసుకుని వెనక గదిలోకి పోయింది. కాల్చినవాడు ఎక్కడో హాయిగా ఉన్నాడు. కుర్చీ పోయింది తనకు.

ఆమె ప్రతి ఆటనూ ఫోనులో రికార్డు చేసుకునేది, తప్పులు చూసుకోవడానికి. సోమవారం ఆట ఇరవై రెండు నిమిషాలు. బుధవారం అంతా చెవుల్లో అదే పెట్టుకుని పనిచేసింది. అద్దం తీసుకుని పవరు చూడటం, నడిమి బిందువు మీద సిరా చుక్క పెట్టడం, మిషనుకు బిగించడం. రాయి మీద నీళ్ళు చిమ్ముతూ అద్దం గుండ్రం పోయి ఫ్రేము ఆకారానికి వచ్చేది. అంచును వేలితో తడిమి, పదునుంటే మళ్ళీ ఆనించేది. చెవిలో అతను నవ్వుతూనే ఉన్నాడు. సాయంత్రానికి ఆ నవ్వు ఎన్నో నిమిషంలో మొదలవుతుందో, మధ్యలో ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో ఆమెకు కంఠతా వచ్చేసింది.

నాలుగోసారి వింటున్నప్పుడు నవ్వు వెనక ఇంకేవో వినపడ్డాయి. మిషను రాయి ఆపి, చెవుల మీద అరచేతులు నొక్కుకుని విన్నది. గరగరమని కాగితాలు లాగే చప్పుడు. "ఇంద్రవెల్లి, గుడిహత్నూర్" అని కండక్టరు కేక. ఒక ఆడమనిషి మెల్లగా, "ఆధార్ రెండు దిక్కులా తియ్యాల్నా?" అని అడగడం.

ఆమె సాయిచంద్‌కు ఫోను చేసింది.

"వాడిది ఉట్నూర్. ఇంద్రవెల్లి ముందు, గుడిహత్నూర్ తర్వాత అంటే ఆ బస్సు అక్కడికెళ్ళి పోయేదే. బస్టాండ్ కాడ జిరాక్స్ దుకాణం."

"అయితే ఏం జేస్తవ్?"

"వాడి దుకాణంల నిలబడి, ఉన్నోల్లందరికి వినిపిస్త. వాడి పెండ్లాం వినాలె. వాడి తల్లి వినాలె. పిల్లలుంటే పిల్లలు కూడ వినాలె."

 "పిల్లలెందుకు?" అన్నాడు సాయిచంద్.

"నాకు ఫోన్లు చేసినోల్లు ఆలోచించిన్రా?"

శుక్రవారం ముకర్రం ఉట్నూర్ పోవాల్సి ఉంది. పోయిన నెల అక్కడ కంటి పరీక్షలు చేసి వచ్చారు. తయారైన ఎనభై నాలుగు జతల కళ్ళద్దాలు ఇచ్చి రావాలి. "నేను వస్త మామూ. పెట్టేటప్పుడు చెవుల కాడ సరిచెయ్యాలె కదా, నీ ఒక్కనితోని కాదు," అంది యుమ్నా. ముకర్రం సంతోషించాడు. పిల్ల మామూలైంది అనుకున్నాడు.

పొద్దున్నే వ్యాను లక్సెట్టిపేట దగ్గర గోదావరి దాటి జన్నారం అడవిలోకి పోయింది. ముకర్రం పాత పాటలు పెట్టుకున్నాడు. యుమ్నా కిటికీ వైపు తిరిగి, నల్లపులి ముందు ఏ మాటతో మొదలుపెట్టాలో కూర్చుకుంది. మొదట పేరు పెట్టి పిలవాలి. తరువాత గొంతు పెంచకుండా ఫోను బల్ల మీద పెట్టాలి. అతని ముఖంలో రంగు పోతుంటే చూడాలి. తొందరపడకూడదు.

ఉట్నూర్‌లో ఒక సంఘం హాలులో బల్లలు వేశారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జీపుల్లో వచ్చిన ముసలివాళ్ళు గోడ వెంట కూర్చున్నారు. యుమ్నా ఒక్కొక్కరికీ కళ్ళద్దాలు పెట్టి, చెవి వెనక వేలు పోనిచ్చి, బిగువుంటే వేడిగాలికి పట్టి వంచి, మళ్ళీ పెట్టింది. పని చేతులు చేస్తున్నాయి. పన్నెండున్నరకు, "మామూ, ఆధార్ జిరాక్స్ తీసుకొస్త," అని చెప్పి బయలుదేరింది.

బస్టాండ్ ఎదురుగా మూడు జిరాక్స్ దుకాణాలు ఉన్నాయి. మొదటిదాంట్లో ముసలాయన ఉన్నాడు. రెండోదాని ముందు ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. బల్ల వెనక ముప్పై అయిదేళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, నుదుటన బొట్టు. ఒక అవ్వ వేలు పట్టుకుని కాగితం మీద ముద్ర వేయిస్తున్నాడు.

"గట్ల ఒత్తకు అవ్వా. మెల్లగ. ఆఁ, గంతే. గిది తీస్కపోయి ఆఫీసుల ఇయ్యి. సారు లేడంటే మళ్ళ నా దగ్గరికి రా, నేను మాట్లాడుత."

అదే గొంతు. కానీ ఆ మెత్తదనం యుమ్నా ఎరగనిది. అవ్వ అతని చేతిని కళ్ళకు అద్దుకుంది. యుమ్నాకు కోపం రెట్టింపైంది.

మిషను దగ్గర ఒక ఆడమనిషి కాగితాలు సర్దుతోంది. యుమ్నా ఆధార్ కార్డు చాపితే అందుకుని, దగ్గరగా కళ్ళ ముందు పెట్టుకుని చూసి, "రెండు దిక్కులా తియ్యాల్నా?" అంది.

యుమ్నా ఆమెకు తలూపి, అతని వైపు తిరిగింది. "నల్లపులి అంటే నువ్వేనా?"

అతను తలెత్తాడు. ఆమె ఫోను బల్ల మీద పెట్టి వేలు ఆనించింది. ఆరు సెకన్లు. ఎర్కుండే కొట్టిన. గిన్నెలు తోముకునేటోల్లు. వరసలో ఉన్నవాళ్ళు ఏమిటో అర్థంకాక చూశారు. మిషను దగ్గరి ఆడమనిషి చేయి కాగితాల మీద ఆగింది.

"మేడం," అన్నాడు అతను బల్ల దాటి వస్తూ. "ఆపున్రి. బయట మాట్లాడుకుందాం, దండం పెడుత."

దుకాణం పక్క సందులో అతను నిజంగానే చేతులు జోడించాడు. పేరు కొండల్ అన్నాడు. ఊళ్ళో మంచి పేరుందన్నాడు. ఆరేళ్ళ బిడ్డ ఉందన్నాడు. "ఆటల అందరు అంటరు మేడం. మనసుల ఏం లేదు."

"నా దుకాణానికి ఫోన్లు చేసిన్రు. నన్ను ముందు కుర్చీలకెళ్ళి లేపిన్రు."

"తప్పయింది."

"నాకు కాదు, గుంపుల చెప్పు. నీ గొంతుతోని. నీ పేరు, నీ దుకాణం, ఏం జేసినవో అంత. ఇప్పుడే."

అతను ఫోను తీసి రికార్డు చేశాడు. గొణిగినట్టు వచ్చింది. "ఇంకోసారి. తప్పు అన్న మాట వినపడలే," అంది యుమ్నా. రెండోసారి దుకాణం పేరు వదిలేశాడు. మళ్ళీ చెప్పించింది. అతని పై పెదవి మీద చెమట పట్టింది. ఆమె గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని, తీరిగ్గా చూసింది. మూడోసారి పూర్తిగా చెప్పాడు. "నా పేరు కొండల్. ఉట్నూర్ బస్టాండ్ కాడ జిరాక్స్ సెంటర్ నాది. నల్లపులి నేనే. నా జట్టు మనిషిని వెనకకెళ్ళి కాల్చిన. అనరాని మాటలు అన్న. తప్పు నాది, మాఫ్ చెయ్యున్రి." ఆమె ముందే గుంపులో పెట్టాడు.

"మీ ఫోన్ల ఉన్నది తీసేయున్రి మరి."

"రేపు సాయంత్రం దాంక నీ మాఫీ గుంపుల ఉంటే, తీసేస్త. మాట ఇస్తున్న."

హాలుకు తిరిగొచ్చి టిఫిన్ డబ్బా మొత్తం ఖాళీ చేసింది. నాలుగు రోజుల తరువాత అన్నం రుచిగా ఉంది. ముకర్రం తన డబ్బాలోంచి ఇంకో రొట్టె ఆమె మూతలో వేశాడు. సాయిచంద్ మెసేజు పెట్టాడు, కావ్య "సంపినవ్ అక్కా" అని చిన్నగా నవ్వి, గొంతు రికార్డు చేసి పంపింది.

మూడింటికి ఖాళీ దొరికితే గుంపు తెరిచింది. కొండల్ మాటల కింద జవాబులు బారులు తీరి ఉన్నాయి. 'మొగోడంటే గిట్లుండాలె.' 'ఒప్పుకునుటానికి దమ్ము గావాలె అన్నా.' 'పెద్ద మనసు.' చేతులెత్తి మొక్కే బొమ్మలు. పోటీ పెట్టినవాళ్ళలో ఒకడు అతణ్ణి వచ్చే నెల జట్టు నాయకుడిగా ఉండమన్నాడు. యుమ్నా గురించి రెండే మాటలు ఉన్నాయి. 'గింత చిన్నదానికి దుకాణం దాంక పోయిందట.' 'మొండిది.'

ఆమె కిందికి జరుపుతూ పోయింది. ఇంకా వస్తూనే ఉన్నాయి.

"మేడం, గిది జర చూస్తరా?"

బల్ల ముందు జిరాక్స్ మిషను దగ్గరి ఆడమనిషి నిలబడి ఉంది. చేతిరుమాలు విప్పి కళ్ళద్దాలు ముందు పెట్టింది. పేరు రజిత అని చెప్పింది, కొండల్ భార్యనని చెప్పలేదు. చెప్పనక్కర లేదు. "మీ లిస్టుల నేను లేను. బాగైతే చెయ్యున్రి."

యుమ్నా ఫ్రేము ఎత్తింది. చెవి మీదికి పోయే ఎడమ కాడ, మడిచే బందు దగ్గర ప్లాస్టిక్‌తో సహా ఊడి ఉంది. దాన్ని ఎవరో మంట మీద కరిగించి అతికించారు, నల్లగా అయింది. ముక్కు మీద ఆనే ఎడమ దిండు లోపలికి వంగి ఉంది. అదే వైపు అద్దం మూల చిన్న పెచ్చు లేచింది. కుడి వైపు చెక్కు చెదరలేదు.

"మీద కూసున్నరా?"

"ఔ. చూస్కోకుండ కూసున్న."

మీద కూర్చుంటే ఫ్రేము రెండు వైపులా చదునుగా పరుచుకుంటుంది. ఇది ముఖం మీద ఉండగా ఒక పక్క నుంచి తగిలిన దెబ్బ. రజిత ముక్కు పక్కన, దిండు ఆనే చోట, గోరంత నల్లటి మచ్చ ఉంది. యుమ్నా మచ్చను చూసింది, వెంటనే ఫ్రేము వైపు తల దించుకుంది.

పాత కాడ తీసేసి, సామాను డబ్బాలో సరిపోయే ఇంకొకటి వెతికింది. బందు రంధ్రం శుభ్రం చేసి, స్క్రూ ఎక్కించి, దిండు వంపు తీసింది. రజిత బల్ల అంచు పట్టుకుని చూస్తోంది.

"మీ ఫోన్ల ఇంక ఉన్నదా?" అని అడిగింది. "నేను గింతనే విన్న."

వాడి పెండ్లాం వినాలె. ఆ మాట అన్నప్పుడు యుమ్నా కళ్ళ ముందు ముఖం లేదు. "మీరు వినొద్దు," అంది. "మంచి మాటలు కావు."

"నాకు కొత్తయి కావు మేడం. రోజు వినేటియే. బయటోల్లకు కొత్త." రజిత గొంతు పెంచలేదు, తగ్గించలేదు. "ఖానాపూర్ల మా అన్న ఉన్నడు. రెండుసార్లు పోయిన. రెండుసార్లు గీయన వచ్చి, చాయ తాగి, మా వదినతోని నవ్వుకుంట మాట్లాడి తోలుకొచ్చిండు. అసొంటి మనిషి గట్లంటడా అన్నడు మా అన్న. మా అత్త గూడ గదే అంటది. ఉట్నూర్ల ఎవల్నడిగినా బంగారమంటరు. బయటోల్లల్ల ఆయన అసలు గొంతు విన్నది మీరొక్కరే."

యుమ్నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"ఇందాక సందుల మీకు మాఫీ చెప్పుడు గూడ విన్న," అంది రజిత. "మూడుసార్లు చెప్పిచ్చిన్రు కదా. నాకు ఒక్కసారి గూడ చెప్పలే."

యుమ్నా ఫోను తీసింది. రజితను బల్ల వెనక తన కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల్లో పెట్టుకునేవి ఇచ్చింది. రజిత ఇరవై రెండు నిమిషాలూ కదలకుండా విన్నది. తుపాకుల మోతను, సాయిచంద్ మాటలను కూడా దాటేయలేదు. మిగతా ముసలివాళ్ళను ముకర్రం ఒక్కడే చూసుకుంటూ, మధ్యమధ్య ఇటు చూశాడు.

విన్న తరువాత రజిత తన అన్న ఫోను నంబరును చూసుకోకుండా చెప్పింది. యుమ్నా రికార్డు పంపింది. అరగంట తరువాత అటు నుంచి ఫోను వచ్చింది.

"ఎవలు మాట్లాడేది?" అన్నాడు మగ గొంతు.

రేపు సాయంత్రం తీసేస్తానన్న మాట యుమ్నాకు గుర్తుంది. పేరు చెబితే రేపు మళ్ళీ దుకాణం ఫోను మోగుతుందనీ తెలుసు. "నా పేరు యుమ్నా," అంది. "కరీంనగర్ల టవర్ సర్కిల్ కాడ కళ్ళద్దాల దుకాణం మాది. ఆ తిట్లు నన్ను తిట్టినయి. కాదని ఎవరన్న అంటే నన్ను పిలువున్రి, వచ్చి చెప్త."

 "మా చెల్లె ఉన్నదా అక్కడ?" అని అడిగాడు రజిత అన్న.  "రమ్మనున్రి. బిడ్డను గూడ తోలుకొని రమ్మనున్రి."

ముకర్రం ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో ఆమె చూడలేదు. "బస్, చాలు బేటీ," అన్నాడు దక్కనీ ఉర్దూలో, మెల్లగా. "ఇది వాళ్ళ ఇంటి మాట. మనమెందుకు?"

యుమ్నా వాదించలేదు. తీసేసిన పాత కాడను, అద్దం మూల పెచ్చు లేచిన ఫ్రేమును ఆయన అరచేతిలో పెట్టింది. ముకర్రం అలవాటుగా వెలుతురుకు ఎత్తాడు. బందు చూశాడు, దిండు మీద వేలు పోనిచ్చాడు, అద్దం మూల చూశాడు. ముప్పై ఏళ్ళలో ఆయన చేతిలోకి ఎన్ని ఫ్రేములు వచ్చి ఉంటాయో. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

"ఇది ఎన్నో జత బిడ్డా?" అని రజితను తెలుగులో అడిగాడు.

"మూడోది."

ఆయన ఫ్రేము యుమ్నాకు ఇచ్చి, ఖాళీ డబ్బాలు ఎత్తసాగాడు. "గాడి ఖానాపూర్ మీదకెళ్ళి పోతది," అన్నాడు. "ముందల బడి కాడ ఆపుత."

నాలుగున్నరకు రజిత బిడ్డ బడి సంచీతో వ్యాను ఎక్కింది. జడలకు ఎర్ర రిబ్బన్లు. కళ్ళద్దాల డబ్బాల మధ్య తల్లి పక్కన కూర్చుంది. ముకర్రం పాటలు పెట్టలేదు. ఊరు దాటి మైలు దూరం పోకముందే రజిత ఫోను మోగింది. కొండల్.

"ఎత్తకున్రి," అంది యుమ్నా.

రజిత ఎత్తి, స్పీకరు నొక్కింది.

"ఎక్కడున్నవ్ రజితా?" గొంతు తేనెలా ఉంది. వెనక ఎవరో కాగితం అడుగుతున్నారు. "మిషన్ కాడ జనం ఆగమైతున్నరు. పిల్లను తీస్కొని వస్తున్నవా? ఎండ ఉన్నది, ఆటోల రా."

ముకర్రం అద్దంలోంచి రజితను చూశాడు. ఇంత మెత్తటి గొంతా అన్నట్టు ఆయన కనుబొమలు ముడిపడ్డాయి.

"నేను మా అన్న దగ్గరికి పోతున్న," అంది రజిత.

 "జర ఆగున్రి, అయిదు నిమిషాలు. బయట కూసోన్రి," అని అతను ఎవరికో మర్యాదగా చెప్పడం వినపడింది. అడుగుల చప్పుడు. తరువాత దుకాణం షటరు కిందికి దిగుతున్న పొడవాటి గరగర.

రజిత ఫోనును చెవి దగ్గర పెట్టుకోలేదు. చేయి చాపి ముందు సీట్ల మధ్య, ముకర్రం భుజం పక్కన, అందరికీ వినపడేలా పట్టుకుంది.

అతను ఇంకా నోరు తెరవలేదు. షటరు నేలకు తగిలిన చప్పుడు వినగానే పిల్ల బడి సంచీ కింద పెట్టి, రెండు చేతులతో చెవులు మూసుకుంది.